మార్చి ఐస్ మీద వాలై వేట: కొత్తవాళ్ళని వెంటబెట్టుకుని వెళ్ళేముందు

మా బావమరిదిని మొదటిసారి గడ్డకట్టిన సరస్సు మీద బొరియ తవ్వి చేపలు పట్టే ఐస్ ఫిషింగ్‌కి తీసుకెళ్ళినప్పుడు అన్నీ నాకు నచ్చినట్టే ప్లాన్ చేశాను. తెల్లారుజామున మూడింటికి లేపాను, అయిదు గంటలు కారులో కూర్చోబెట్టాను, ఇరవై బొరియలు తవ్వాను. వాడు స్పోర్ట్స్ షూ వేసుకొచ్చిన సంగతి సరస్సు మధ్యకి వెళ్ళాక గానీ చూడలేదు. మధ్యాహ్నానికి వాడికి మాటలు తగ్గాయి. సాయంత్రం సరిగ్గా చేపలు కదిలే వేళకి పాదాలు కారు హీటర్ దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. నాకు ఆ రోజు నాలుగు వాలైలు (ఇక్కడి మంచినీళ్ళ సరస్సుల్లో దొరికే చేప, walleye) పడ్డాయి. వాడు మాత్రం ఆ తర్వాత రెండు శీతాకాలాలు ఏ పేరు చెప్పి పిలిచినా రాలేదు.

ఇది ఇప్పటికే నాలుగైదుసార్లు ఐస్ మీదకి వెళ్ళి, ఇప్పుడు ఓ కొత్త మనిషిని వెంటబెట్టుకెళ్దామనుకుంటున్నవాళ్ళ కోసం. నేనుండేది మినియాపొలిస్ పక్కన, కాబట్టి చెప్పేదంతా మిన్నెసోటా సంగతే. ప్లాన్ చేసేటప్పుడు ప్రతి అడుగులోనూ ఒకటే చూసుకోండి: ఇది చేప కోసమా, మీ కోసమా, ఆ వచ్చే మనిషి కోసమా? మొదటి ట్రిప్పు వరకూ మూడోదే లెక్క.

ముందు క్యాలెండర్ తీయండి

చలికాలం చివర్లో అంటే మనకి ఫిబ్రవరి నెలాఖరు, మార్చి. ఎండ కాస్త నిలబడుతుంది, గాలిలో కోత తగ్గుతుంది. కొత్తవాళ్ళకి జనవరి కంటే ఇదే నయం. కానీ ఇక్కడ రెండు గుంటలున్నాయి.

మొదటిది, సీజన్. మిన్నెసోటా లోపలి సరస్సుల్లో వాలై సీజన్ ఫిబ్రవరి ఆఖరి ఆదివారంతో మూసేస్తారు, మళ్ళీ తెరిచేది మే నెలలోనే. మిల్ లాక్స్, లీచ్ లేక్, అప్పర్ రెడ్ లేక్ అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. మార్చిలో అక్కడ పర్చ్, క్రాపీ లాంటి వేరే చేపలు పట్టుకోవచ్చు గానీ వాలై పడితే వదిలేయాల్సిందే. కెనడా సరిహద్దు మీదున్న లేక్ ఆఫ్ ద వుడ్స్‌లో మాత్రం ఏప్రిల్ 14 దాకా తెరిచే ఉంటుంది. అందుకే మార్చి అనగానే ఇక్కడివాళ్ళంతా ఆ సరస్సు దక్షిణపు ఒడ్డు దగ్గరున్న బాడెట్ ఊరి దారి పడతారు.

రెండోది, లైసెన్సు. మిన్నెసోటా ఫిషింగ్ లైసెన్సు సంవత్సరం మార్చి 1న మొదలై ఫిబ్రవరి ఆఖరున అయిపోతుంది. జనవరిలో కొన్నదే కదా, జేబులో ఉంది కదా అనుకుని మార్చి రెండో వారంలో వెళ్తే ఆ కాగితం చెల్లదు. ఈ పొరపాటు నేనూ చేయబోయాను. ఎర కొనడానికి ఆగిన షాపులో ముసలాయన అడిగాడు కాబట్టి బతికిపోయాను.

వచ్చే మనిషికి పదహారేళ్ళు నిండి ఉంటే వాళ్ళకీ సొంత లైసెన్సు కావాలి. గాలం మీదే, వాళ్ళు ఊరికే పట్టుకుని కూర్చుంటారంతే అన్నా ఒప్పుకోరు. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకైతే బయటివాళ్ళకిచ్చే లైసెన్సు తీసుకోవాలి. 24 గంటలదీ, మూడు రోజులదీ దొరుకుతాయి. రాష్ట్ర సహజవనరుల శాఖ (డీఎన్ఆర్) వెబ్‌సైట్‌లో పది నిమిషాల పని.

ఎక్కడికి

నా ఓటు లేక్ ఆఫ్ ద వుడ్స్ దక్షిణపు ఒడ్డుకి. సీజన్ తెరిచి ఉండటం ఒక్కటే కాదు. అక్కడి నీళ్ళు టీ డికాషన్ రంగులో మసగ్గా ఉంటాయి. వాలైకి కళ్ళ వెనక అద్దం లాంటి పొర ఉంటుంది, పిల్లి కళ్ళకి ఉన్నట్టు. మసక వెలుతురులో అది తన ఆహారం కంటే బాగా చూడగలదు. అందుకే తేటనీళ్ళ సరస్సుల్లో పొద్దు పొడిచేటప్పుడూ, పొద్దు గూకేటప్పుడూ గంటసేపు మాత్రమే కొరుకుతుంది. మసకనీళ్ళలో అయితే పట్టపగలు కూడా ఒకటీ అరా తగులుతూ ఉంటాయి. కొత్తవాడు మిట్టమధ్యాహ్నం విసుగెత్తకుండా ఉండాలంటే ఆ ఒకటీ అరా చాలా అవసరం.

మినియాపొలిస్ నుంచి బాడెట్‌కి దాదాపు అయిదు గంటలు. బ్లాక్‌డక్ దాటాక 72వ నంబరు రోడ్డు మీద ఊళ్ళు పల్చబడతాయి, ఫోన్ సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది, రోడ్డుకి అడ్డంగా జింకలొస్తాయి. పెట్రోలు ముందే పోయించుకోండి. ముందురోజు సాయంత్రానికే చేరి అక్కడే పడుకోండి. తెల్లారుజామున మూడింటి ప్రయాణం ఎందుకొద్దో పైన చెప్పాను. బాడెట్‌లో రోడ్డు పక్కన నలభై అడుగుల వాలై బొమ్మ ఒకటుంది, 1959లో కట్టారు, పేరు విల్లీ. వచ్చినవాళ్ళకి ఫోటో సరదా ఉంటే పొద్దుండగా చేరేలా చూసుకోండి.

ఓ మాట మనవాళ్ళకి ప్రత్యేకంగా. ఆ సరస్సు మధ్యలోంచే దేశాల సరిహద్దు పోతుంది. నార్త్‌వెస్ట్ యాంగిల్ అని ఉత్తరాన అమెరికాదే ఓ ముక్క ఉంది, ఫిషింగ్ బ్రహ్మాండమని చెబుతారు. కానీ రోడ్డు మీద అక్కడికి పోవాలంటే కెనడాలోని మానిటోబా మీదుగా పోవాలి. ఇండియన్ పాస్‌పోర్టుతో కెనడా వీసా లేకుండా ఆ ఆలోచన పెట్టుకోకండి. దక్షిణపు ఒడ్డునే ఉన్నా పాస్‌పోర్టూ, ఐ-94 కాగితమూ (అమెరికాలోకి వచ్చినప్పటి రికార్డు) కారులో ఉంచుకోండి. సరిహద్దు ఊళ్ళు, బోర్డర్ పెట్రోల్ వాళ్ళు తిరుగుతుంటారు.

గుడిసె అద్దెకి తీసుకోండి

సొంతంగా మడత డేరా ఉంది, స్లెడ్ ఉంది, బొరియ తవ్వే ఆగర్ ఉంది, ఇంకా అద్దె ఎందుకు అని మీకు అనిపిస్తుంది. నాకూ అనిపించేది. అయినా మొదటిసారికి రిసార్టువాళ్ళు పగటిపూటకి అద్దెకిచ్చే గుడిసె, డే హౌస్, తీసుకోండి. వాళ్ళే ఐస్ మీద దారి చూసుకుంటారు, ఎక్కడ పగుళ్ళొచ్చాయో రోజూ కనిపెట్టి అక్కడ వంతెన వేస్తారు లేదా దారి మారుస్తారు, చాలాచోట్ల బొంబార్డియర్ అనే గొలుసుచక్రాల పాత బండిలో ఎక్కించుకుని తీసుకెళ్తారు. ఆ బండి ప్రయాణమే కొత్తవాళ్ళకి సగం పండగ. గుడిసెలో హీటరు వెలిగించి, బొరియలు తవ్వి సిద్ధంగా ఉంచుతారు. మీరు చేయాల్సిందల్లా పక్కన కూర్చుని నేర్పించడం.

బుక్ చేసేటప్పుడు మూడు ప్రశ్నలు తప్పకుండా అడగండి. ఆ వారం ఐస్ ఎంత మందం ఉంది, ఏ దారిన తీసుకెళ్తారు? సాయంత్రం ఎన్నింటికి వెనక్కి తీసుకొస్తారు? మార్చి మధ్యలో, గడియారం ముందుకి జరిపాక, అక్కడ సూర్యాస్తమయం ఏడు దాటాకే. కొన్నిచోట్ల నాలుగింటికే తిరుగుబండి పెడతారు, అంటే అసలైన వేళకి ముందే ఒడ్డెక్కుతారు. మూడోది టాయిలెట్. ఇది అడగడానికి మొహమాటపడి ఆడవాళ్ళని ఇబ్బంది పెట్టినవాళ్ళని చూశాను. గుడిసెలో ఏర్పాటుందా, దగ్గర్లో పోర్టబుల్ ఉందా, లేక మూతున్న బకెట్, సంచులు మనమే తెచ్చుకోవాలా, ముందే తెలియాలి. ఐస్ మీద చెత్త గానీ, మలమూత్రాలు గానీ వదిలితే జరిమానా. 2023 నుంచి ఈ చట్టం గట్టిగా ఉంది. చెత్తసంచీని ఐస్ మీద కాసేపు పెట్టడం కూడా కుదరదు, గుడిసెలోనో బండిలోనో ఉండాలి.

ఐస్ గురించి, నిదానంగా

మిగతా విషయాల్లో తొందరపడినా ఇక్కడ మాత్రం ఆగి చదవండి.

డీఎన్ఆర్ చెప్పే లెక్క ఇది: మనిషి నడవడానికి 4 అంగుళాలు, స్నోమొబైల్‌కి 5 నుంచి 7, చిన్న కారుకి 9 నుంచి 10, మామూలు ఎస్‌యూవీకి 11 నుంచి 12, మధ్యరకం ట్రక్కుకి 16 నుంచి 17. ఇవన్నీ గట్టిగా, తేటగా ఉన్న కొత్త ఐస్‌కి. మంచు తడిసి గడ్డకట్టిన తెల్ల ఐస్ అయితే దానికి రెట్టింపు ఉండాలి.

మార్చిలో లేక్ ఆఫ్ ద వుడ్స్ మీద రెండడుగుల పైన ఐస్ ఉండటం మామూలే. అది చూసి కొత్తవాళ్ళు కాదు, పాతవాళ్ళే మోసపోతారు. చలికాలం చివర్లో ప్రమాదం మధ్యలో కాదు, అంచున. నల్లటి నేల ఎండకి వేడెక్కుతుంది, కరిగిన మంచునీళ్ళు ఒడ్డు వైపు నుంచి లోపలికి దిగుతాయి. ముందు కరిగేది ఒడ్డు పక్క పదడుగులే. ఆ తర్వాత నది కలిసే చోటు, రెల్లు మొలిచిన చోటు, మునిగిన బండల చుట్టూ, రెండు పలకలు ఢీకొని లేచిన గట్టు దగ్గర. రెయినీ నది వచ్చి కలిసే ఫోర్ మైల్ బే వైపు ప్రవాహం వల్ల ఐస్ అన్నిటికంటే ముందు చెడుతుంది.

పైగా మార్చి ఐస్ మందంగా ఉంటూనే లోపల కుళ్ళుతుంది. ఎండ పడి పడి నిలువు కొవ్వొత్తులు పక్కపక్కన పేర్చినట్టు పుల్లలు పుల్లలుగా విడిపోతుంది. ఇనప గునపంతో గట్టిగా ఒక్క పోటు పొడవండి. ఠంగుమంటే సరే. మెత్తగా దిగి, పుల్లలు పుల్లలుగా చీలి, నీళ్ళు ఊరితే అంగుళాల లెక్క మర్చిపోయి వెనక్కి తిరగండి. పొద్దున గట్టిగా ఉన్న దారి మధ్యాహ్నం మూడింటికి చిత్తడవుతుంది. వెళ్ళేటప్పుడే కాదు, వచ్చేటప్పుడూ పరీక్షించాలి.

మీ బండిలోనే ఐస్ మీదకి వెళ్ళాల్సి వస్తే సీటు బెల్టు తీసేయండి, అద్దాలు దించండి, నెమ్మదిగా నడపండి. బండి కింద నీళ్ళలో అల లేస్తుంది, వేగంగా పోతే ఆ అలే ఒడ్డు దగ్గర ఐస్‌ని పగలగొడుతుంది. నా మాట వింటే మార్చిలో కొత్తవాళ్ళతో సొంత బండి అసలు వద్దు.

ఇద్దరి మెడలోనూ ఐస్ పిక్కులు (చేత్తో పట్టుకుని ఐస్‌లో గుచ్చే మొనలు) వేలాడాలి, బ్యాగులో కాదు. బూట్లకి మేకుల పట్టీ, యాభై అడుగుల తాడు, తేలే కోటు ఉంటే మరీ మంచిది. నీళ్ళలో పడితే ఏం చేయాలో ఒడ్డునే, నవ్వుకుంటూనే ఒకసారి చేయించండి. మానిటోబా యూనివర్సిటీ ప్రొఫెసర్ గోర్డన్ గీస్‌బ్రెక్ట్ చెప్పే 1-10-1 లెక్క గుర్తుపెట్టుకోవడం తేలిక: మొదటి ఒక్క నిమిషం ఊపిరి అదుపులోకి తెచ్చుకోవడానికి, తర్వాత పది నిమిషాలు చేతులు కాళ్ళు మాట వింటాయి, స్పృహ తప్పడానికి దాదాపు గంట. చలికి వెంటనే ప్రాణం పోదు, కంగారుకి పోతుంది. వచ్చిన దారి వైపే తిరగాలి, అక్కడి ఐస్ ఇంతసేపు మోసింది కాబట్టి. పిక్కులు గుచ్చి, ఈత కొట్టినట్టు కాళ్ళాడిస్తూ బోర్లా పైకి పాకాలి. పైకొచ్చాక లేచి నిలబడకుండా దొర్లుకుంటూ దూరం పోవాలి.

ఇక చప్పుడు సంగతి. చలి మారినప్పుడల్లా ఐస్ పెద్దగా మూలుగుతుంది, ఎక్కడో దూరాన మొదలై కాళ్ళ కిందనుంచి ఉరుమొకటి పాకినట్టు వెళ్ళిపోతుంది. దీని గురించి ముందే చెప్పకపోతే కొత్త మనిషి గుండె జారిపోతుంది. మా బావమరిది నా చెయ్యి పట్టుకుని అడిగాడు, "బావా, విరుగుతోందా?" అని.

"విరగట్లేదురా, ఒళ్ళు విరుచుకుంటోంది," అన్నాను. అప్పుడు నవ్వాడు గానీ ఆ తర్వాత తలుపు పక్కనే కూర్చున్నాడు.

బట్టలు ముందురోజు రాత్రే చూడండి

ఏం వేసుకోవాలో ఫోన్‌లో చెప్పి ఊరుకోకండి. ముందురోజు రాత్రి అన్నీ మంచం మీద పరిపించి మీ కళ్ళతో చూడండి. మనవాళ్ళు సాధారణంగా జీన్సు, కాటన్ సాక్సు, ఆఫీసుకి వేసుకునే జాకెట్ పట్టుకొస్తారు. కాటన్ ఒకసారి తడిస్తే ఆరదు, ఒంటి వేడి లాగేస్తుంది. లోపల థర్మల్, పైన ఉన్ని లేదా ఫ్లీస్, దానిపైన గాలి దూరని బిబ్ ప్యాంటు (భుజాలకి పట్టీలుండేది), కోటు. బిబ్‌లు లేకపోతే ఎవరి దగ్గరైనా అరువు అడగండి, ఒక్క ట్రిప్పుకి కొనిపించకండి.

పాదాల దగ్గర అందరూ చేసే తప్పు, రెండు జతల సాక్సు వేసి బూటులో కుక్కడం. బిగుతైతే రక్తం ఆడదు, ఇంకా త్వరగా తిమ్మిరెక్కుతుంది. మందపాటి ఉన్ని సాక్సు ఒకటే, ఒక సైజు పెద్ద బూటు. బ్యాగులో పొడి సాక్సు ఇంకో జత ఉండాలి. మార్చిలో చలి కంటే తడి పెద్ద శత్రువు. గ్లోవ్స్ కూడా రెండు జతలు, చేప పట్టుకున్నాక ఒక జత తడిసే తీరుతుంది. నల్ల కళ్ళద్దాలు మర్చిపోవద్దు, మధ్యాహ్నం ఎండ తెల్లటి మంచు మీద పడి కళ్ళు పొడుస్తుంది.

సామాను తక్కువ

కొత్తవాడికి రెండు గాలాలు చాలు. శీతాకాలంలో ఐస్ మీద ఒక్కొక్కరికి రెండు లైన్లదాకా అనుమతి ఉంది. ఒకటి ఆడించడానికి, ఒకటి బెండు కట్టి ఊరికే వదలడానికి. 28 నుంచి 32 అంగుళాల పొట్టి రాడ్డు, ఆరు పౌండ్ల లైన్. బంగారు రంగుదో, చీకట్లో మెరిసే ఎరుపుదో ఓ జిగ్గింగ్ స్పూన్ (పైకీ కిందకీ ఆడించే లోహపు ఎర) ఎనిమిదో వంతు ఔన్సుదో, నాలుగో వంతుదో. దాని ముల్లుకి చిన్న చేప తల గుచ్చుతారు. లేక్ ఆఫ్ ద వుడ్స్‌లో ఫ్రోజెన్ ఎమరాల్డ్ షైనర్లు అనే చిన్న ఎరచేపలు వాడతారు, ఊళ్ళో ఎర అమ్మే షాపులన్నిట్లో ఉంటాయి. వేరే రాష్ట్రం నుంచి బతికున్న ఎరచేపలు తేవడం నేరం, కాబట్టి అక్కడే కొనండి.

కాలవ గట్టున వానపాము గుచ్చి బెండు వేసి కూర్చున్న అలవాటున్నవాళ్ళు మీ వెంట వస్తే వాళ్ళకి రెండో గాలం ఇట్టే అర్థమవుతుంది. మా మామగారు గోదావరి కాలవల మీద పెరిగారు. బెండు చూడగానే, "దీనికింత హడావుడి ఎందుకయ్యా, మన గాలమేగా," అన్నారు. వాలై అనే పేరు విని మన వాలుగ అనుకుని మీసాల కోసం వెతికారు కూడా. వాలుగకి పొలుసుండదు, మీసాలుంటాయి, అది జెల్ల జాతి. వాలైకి గరుకు పొలుసు, వెన్ను మీద ముళ్ళ రెక్క, నోట్లో కోరపళ్ళు. మాటలో తప్ప ఈ రెండిటికీ చుట్టరికం లేదు.

మీ దగ్గర ఫ్లాషర్ ఉంటే తప్పకుండా పట్టుకెళ్ళండి, లేకపోతే అద్దెకి తీసుకోండి. వెక్సిలార్ కంపెనీది లాంటి గుండ్రటి సోనార్ పెట్టె, నీళ్ళ కింద ఏముందో తెర మీద చూపిస్తుంది. కొత్తవాళ్ళని కట్టిపడేసేది అదే, దాని గురించి కింద చెబుతాను.

హీటర్ ఉన్న గుడిసెలోకి కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి మీతో తీసుకెళ్ళండి, రిసార్టువాళ్ళది ఉన్నా సరే. పైనా కిందా గాలి ఆడే కిటికీ కాస్త తెరిచి ఉంచండి. తలనొప్పిగా ఉందని ఎవరన్నా అంటే ముందు తలుపు తీయండి, తర్వాతే మాత్ర.

తిండికి పులిహోరని మించింది లేదు. చల్లారినా రుచి పోదు, చేత్తో పని తక్కువ. ఫ్లాస్కుల్లో ఒక దాంట్లో టీ, ఇంకో దాంట్లో ఉత్త వేడినీళ్ళు. వేడినీళ్ళు గడ్డకట్టిన రీలుకీ, వణికే వేళ్ళకీ పనికొస్తాయి. మద్యం మాత్రం ఒడ్డెక్కాకే.

ఐస్ మీద ఆ రోజు

గుడిసెలో బొరియలు తయారుగా ఉన్నా బయట ఒక్కటన్నా వాళ్ళచేత తవ్వించండి. ఎనిమిది అంగుళాల ఆగర్, అంటే జానెడు కంటే కాస్త తక్కువ. రెండు కాళ్ళూ ఎడంగా పెట్టి, బరువు పైన వేయకుండా, ఆగర్‌ని దానిపని దాన్ని చేసుకోనివ్వాలి. తెల్లటి పొడి చుట్టూ కుప్పపడుతుంది. రెండడుగులు దిగాక చప్పుడు మారుతుంది, చేతుల్లో బరువు ఒక్కసారి జారినట్టవుతుంది, నల్లటి నీళ్ళు బుస్సుమని పొంగి బూట్ల దాకా వస్తాయి. అప్పుడు వాళ్ళ మొహం చూడాలి. ఆగర్‌ని తిప్పుతూనే పైకి లాగమనండి, లోపలి ముక్కలు వచ్చేస్తాయి. తర్వాత చిల్లుగరిటె లాంటి గంటెతో పలుకులన్నీ తోడేయాలి. బొరియ అంచు తడిసి గాజులా ఉంటుంది, కాలు అందులో పడితే మడమ బెణుకుతుంది. పని అయ్యాక దాని పక్కన మంచు కుప్ప పెట్టి ఆనవాలు వదలండి.

ఇప్పుడు ఫ్లాషర్ బొరియలో దించండి. తెర మీద అడుగునేల మందపాటి ఎర్రగీతలా కనబడుతుంది. స్పూన్ దించుతుంటే సన్నటి పచ్చగీత ఒకటి కిందకి దిగుతుంది. "అదే నీ ఎర" అని చూపించండి. అడుక్కి తాకించి ఒక అడుగు పైకి తీయండి. ఓ అడుగు ఎత్తి వదలడం, రెండుసార్లు అడుగు మట్టికి కొట్టి బురద లేపడం, ఆ తర్వాత కదలకుండా పట్టుకోవడం. వాలై చప్పుడుకి దగ్గరకొస్తుంది, కానీ కొరికేది ఎక్కువగా ఎర ఆగినప్పుడే. కొత్తవాళ్ళకి ఆగడమే కష్టం, రాడ్డు ఊపుతూనే ఉంటారు. మనసులో పది లెక్కపెట్టమనండి.

కాసేపటికి అడుగు గీతకి పైన ఇంకో ఎర్రగీత లేస్తుంది. సన్నగా, అనుమానంగా, మీ ఎర వైపు. అది చేప. ఇక్కడ మీరు నోరు మూసుకోవాలి. "ఇప్పుడు ఎత్తు, ఇప్పుడు ఆపు" అని పక్కన కామెంటరీ మొదలుపెడితే ఆ గీత వాళ్ళది కాకుండా పోతుంది. చాలామంది కొత్తవాళ్ళకి బెండు గాలం ఇచ్చి ఫ్లాషర్ తామే ఉంచుకుంటారు, తేలికని చెప్పి. నేను పూర్తిగా వ్యతిరేకం. తెర వాళ్ళ ముందు పెట్టండి, బెండు మీరు చూసుకోండి. చేప పడకపోయినా ఆ గీత లేవడం, దిగిపోవడం చూస్తూ రెండు గంటలు కూర్చుంటారు.

తగిలినప్పుడు టక్కుమని చిన్న దెబ్బ, ఒక్కోసారి దెబ్బ కూడా కాదు, తడిగుడ్డ తగులుకున్నట్టు ఓ బరువు. ఇండియాలో లాగినట్టు ఒడ్డుమీదకి విసిరేయకూడదు, రాడ్డు నెమ్మదిగా పైకెత్తి బరువు వదలకుండా రీలు తిప్పాలి. రీలు డ్రాగ్ (చేప లాగితే లైన్ జారనిచ్చే బిగింపు) వదులుగా ముందే పెట్టి ఉంచండి. బొరియ కింద అడ్డంగా తగులుకుంటే కంగారుపడి లైన్ చేత్తో లాగొద్దు, కాస్త వదిలితే తలతిప్పుకుని అదే పైకొస్తుంది. బయటికొచ్చాక నోట్లో వేలు పెట్టనివ్వకండి, పళ్ళున్నాయి. వెన్ను రెక్క ముళ్ళు, మొప్ప మూత అంచు కూడా కోస్తాయి.

కొలత పలక పక్కనే ఉండాలి. లేక్ ఆఫ్ ద వుడ్స్‌లో ఒక్కొక్కరికి వాలై, దాని దగ్గరి చుట్టం సాగర్ అనే చేప, రెండూ కలిపి ఆరు, అందులో వాలై నాలుగు మించకూడదు. 19.5 నుంచి 28 అంగుళాల మధ్యవన్నీ వదిలేయాలి, 28 దాటింది ఒక్కటి ఉంచుకోవచ్చు. ఆ మధ్య సైజులో చాలామటుకు గుడ్లు పెట్టే తల్లులు, ఐస్ కరగగానే వాటి కాలం. మార్చి 1 నుంచి ఏప్రిల్ 14 వరకు రెయినీ నదిలో, ఫోర్ మైల్ బేలో అయితే వాలై ఏ సైజుదైనా వదిలేయాల్సిందే. నియమాలు మారుతుంటాయి, వెళ్ళే వారం డీఎన్ఆర్ పేజీలో సరిచూసుకోండి. వదలాల్సిన చేపని మంచు మీద పెట్టి ఫోటోలు తీయొద్దు, చలిగాలికి కళ్ళూ మొప్పలూ గడ్డకడతాయి. ముప్పై అడుగులు దాటిన లోతునుంచి లాగితే పొట్టలో గాలితిత్తి ఉబ్బి, వదిలినా బతకడం కష్టం. అంతకంటే తక్కువ లోతులోనే గుడిసె అడగండి.

వేళలు ఇలా పెట్టుకుంటాను. సూర్యోదయం ఏడున్నర ప్రాంతం కాబట్టి ఏడింటికి గాలం నీళ్ళలో, పదిన్నరదాకా. ఆపైన తిండి, కాస్త నడక, మంచు మీద చలికాచుకుంటూ ముచ్చట్లు. కుదిరితే మధ్యాహ్నం ఒడ్డుకొచ్చి రెండు గంటలు పడుకోవడం. మళ్ళీ అయిదునుంచి పొద్దుగూకేదాకా. రిసార్టు బండ్లు దీనికి కుదరకపోతే పొద్దుటిది వదులుకుని సాయంత్రమే పెట్టుకోండి.

"చలేస్తోందా?" అని అడగకండి. మనవాళ్ళు ఎవరూ అవునని చెప్పరు. "కాలివేళ్ళు ఆడించు, ఎన్ని తెలుస్తున్నాయి?" అని అడగండి. మాటలు తగ్గితే, ఫోన్ తీయడం మానేస్తే, గ్లోవ్ వేసుకోవడానికి తంటాలు పడుతుంటే చేపలు ఎంత కొరుకుతున్నా సర్దేయండి.

వచ్చేముందు, వచ్చాక

సరస్సు మీద ఉన్నంతసేపూ చేపలు తలా తోకా కోయకుండా ఉంచండి, వార్డెన్ వస్తే కొలవడానికి. ఒడ్డున చాలా రిసార్టుల్లో డబ్బులిస్తే శుభ్రం చేసి ప్యాక్ చేసిస్తారు. మిగిలిన ఎర సరస్సులో గానీ ఐస్ మీద గానీ పారబోయకూడదు, చెత్తబుట్టలోకే. సరస్సు నీళ్ళు బకెట్‌లో పట్టుకొచ్చినా తప్పే.

ఇంటికొచ్చాక ఆగర్ బ్లేడు తుడిచి ఆరబెట్టండి, ఒక్కరాత్రిలో తుప్పు పడుతుంది. మడత డేరా ఉంటే విప్పి గ్యారేజీలో ఆరేయండి.

వాలైతో పులుసు పెట్టే ప్రయత్నం నేను చేశాను, మీరు చేయొద్దు. మాంసం తెల్లగా, చాలా మెత్తగా ఉంటుంది, చింతపండు పులుసులో రెండు ఉడుకులకే విడిపోయి గరిటెకి దొరకదు. కారం, పసుపు, అల్లం వెల్లుల్లి, కాస్త బియ్యప్పిండి పట్టించి పెనం మీద వేపుడే దానికి తగింది. శుభ్రం చేసేవాళ్ళకి ముందే చెప్పి తలలో బుగ్గలు వేరుగా తీయించండి. రూపాయి బిళ్ళంత ఉంటాయి, చేపకి రెండే. పోయిన మార్చిలో మా బావమరిది మళ్ళీ వచ్చాడు, ఈసారి సొంత బూట్లతో. వాడు పట్టింది ఒకటే, పదహారంగుళాలది. రెండు బుగ్గలూ వాడి కంచంలోనే వేశాను.